నీళ్లలో పనికి తోడు: ఒకరు దిగితే ఒకరు ఒడ్డునే

నాట్లు పడి పది రోజులైంది. మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు పోయడం లేదు. బావిలో పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వుకు నాచు చుట్టుకుందని మీకు తెలుసు, ఇదివరకు రెండుసార్లు మీరే తీశారు. చొక్కా విప్పి గట్టు మీద పెడతారు, సెల్లు దాని మీద పెడతారు, దిగుతారు. ఐదు నిమిషాల పనికి ఇంకో మనిషెందుకు?

ఆ ఐదు నిమిషాల గురించే ఇది రాస్తున్నాను. వరంగల్ జిల్లా నర్సంపేట చుట్టుపక్కల పాతికేళ్లుగా మోటార్లు బాగుచేస్తున్నాను. వైండింగ్ షాపులో, మిగతా పనంతా బావుల్లో. చేపలు పట్టేవాళ్లతో, తూము చూసుకునేవాళ్లతో, కాలువకు పైపులేసుకునే రైతులతో రోజూ పని పడుతుంది. ఒంటరిగా దిగి పైకి రాని మనుషుల సంగతి మీరూ వినే ఉంటారు. నాకు నిద్ర పట్టనీయనివి మాత్రం ఒకరి కోసం ఇంకొకరు దుంకి, ఒకే ఇంటి నుంచి రెండు పాడెలు లేచిన సంఘటనలు.

కంపెనీల్లో దీన్ని బడ్డీ సిస్టం అంటారు. మనకు తోడు అనే మాట ఎప్పటి నుంచో ఉంది, చీకట్లో పొలానికి పోవాలంటే తోడు తీసుకుపోతాం. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ తోడు పద్ధతి చెడిపోతుంది. ఇద్దరూ కలిసి దిగుతారు, లేదా ఒకరు మునగగానే రెండోవాడు వెనకాముందు చూడకుండా దుంకుతాడు. కాబట్టి మొదటి షరతు: ఒకరు దిగితే ఒకరు ఒడ్డునే. ఒడ్డున ఉన్న మనిషి ఏం జరిగినా దిగడు. దిగనని పని మొదలయ్యే ముందే నోటితో చెప్పాలి. వింతగా ఉంటుంది, అయినా చెప్పించుకోండి.

తోడుగా ఎవరిని పెట్టుకోవాలి

గజ ఈతగాడే కావాలని చాలామంది అనుకుంటారు. ఈత రానివాళ్లే మేలని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, వాళ్లకు దుంకాలన్న ఆలోచనే రాదు. చూపు, గొంతు, తాడును చెట్టుకు చుట్టే తెలివి ఉంటే చాలు. నాకు దొరికిన తోడుల్లో అందరికంటే గట్టి మనిషి ఒక రైతు వాళ్ల అమ్మ. అరవై దాటాయి. వేపచెట్టుకు తాడు రెండు చుట్లు చుట్టి, కొస చేతిలో పట్టుకుని గట్టు మీద కూచునేది. నిమిషానికోసారి "ఓ కొడుకా, ఉన్నవా?" అని కేకేసేది. నేను "ఉన్ననవ్వా" అనేదాకా ఊరుకునేది కాదు. అప్పట్లో విసుక్కునేవాణ్ని.

కల్లు తాగిన మనిషిని తోడు పెట్టుకోవద్దు, ఒక్క సీసానే అన్నా సరే. పదేళ్ల పిల్లగాడూ వద్దు. వాడు భయపడి ఊళ్లోకి ఉరుకుతాడు, లేదా నాయినా అంటూ దుంకుతాడు. సెల్లు చూసుకుంటూ కూచునేవాడు ఉన్నా లేనట్టే. దిగే మనిషికి మూర్ఛ జబ్బు ఉంటే తోడు ఉన్నా దిగొద్దు, ఆ పని ఇంకొకరికి ఇవ్వండి.

దిగేముందు రెండు నిమిషాల మాట

ఏం పని, ఎంతసేపు, ఎటు నుంచి దిగుతారు, ఎటు నుంచి ఎక్కుతారు. "పది నిమిషాల్లో అయితే సరి, లేకుంటే పైకొస్తా, ఇద్దరం ఆలోచిద్దాం" అని టైం చెప్పాలి. లోతు బావిలో మాట గుంయ్‌మని తిరుగుతుంది, పక్క పొలంలో ట్రాక్టరు నడిస్తే అసలే వినపడదు. అందుకని తాడు గుర్తులు పెట్టుకోండి. మేం వాడేవి మూడే. ఒక గుంజుడు: బాగున్నా. రెండు: తాడు వదులు. మూడు, లేదా ఆపకుండా గుంజుడు: నన్ను పైకి తీయ్. పిలుపుకు జవాబు రాకపోతే ఇంకొక్కసారి పిలవాలి. అప్పటికీ రాకపోతే ఏమైందని ఆరా తీయడం తర్వాత, ముందు తాడు బిగించాలి.

కరెంటు పని తోడు మనిషిదే

పన్నెండు, పదమూడేళ్ల కింద రాత్రి కరెంటు రోజుల్లో జరిగింది. మోకాళ్ల దాకా నీళ్లలో ఉండి పైపు పట్టుకున్నా, చేయి జివ్వుమంది. రైతు ఫ్యూజు పీకానన్నాడు. పీకాడు, మూడింట్లో ఒకటి. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు అట్లాగే ఉంది, కేబులుకు ఎక్కడో పొట్టు లేచిపోయి ఉంది. రైతు తమ్ముడు స్టార్టరు దగ్గరే నిలబడి ఉన్నాడు కాబట్టి నేను అరిచీ అరవకముందే మిగతా రెండూ పీకేశాడు. అతను చాయ్ తాగడానికి పోయి ఉంటే ఇదంతా మీకు చెప్పేవాణ్ని కాదు.

అప్పటి నుంచి నా వరస ఇది. ముందు ఎర్ర బటన్ నొక్కి మోటారు ఆపాలి. మూడు ఫ్యూజులూ పీకాలి. పచ్చ బటన్ నొక్కి చూడాలి. మోటారు గుర్రుమని కూడా అనకూడదు. పీకిన మూడు ఫ్యూజులూ తోడు మనిషి జేబులోకి పోవాలి, స్టార్టరు డబ్బా మీద కాదు. దారిన పోయే మనిషి సాయం చేద్దామనుకుని పెట్టేయవచ్చు. మీరు పూర్తిగా పైకొచ్చి, కాళ్లు గట్టు మీద ఆనాకే అవి మళ్లీ బయటికి రావాలి.

ఆటో స్టార్టరు ఉంటే ఇంకా జాగ్రత్త. కరెంటు పోయి వచ్చిందంటే అది ఎవరినీ అడగకుండా మోటారు లేపుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తూ వాటిని తీసేయమని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. చాలామంది తీశారు, ఇంకా ఉన్నచోట ఉన్నాయి. "ఇప్పుడు కరెంటు లేదు కదా" అని దిగడం వాటి దగ్గర ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తాడు, ముడి

దిగే మనిషికి వేలి మందం నైలాన్ తాడు కట్టండి. బావి లోతు కంటే పదిహేను అడుగులు ఎక్కువ ఉండాలి. జారుముడి వేయొద్దు, గుంజితే రొమ్మును నొక్కేస్తుంది. వేయాల్సిన ముడి ఇది: తాడులో చిన్న కన్ను వేయండి. కొసను చంకల కింద ఒంటి చుట్టూ తిప్పి తెచ్చి, కన్నులోకి కింది నుంచి పైకి తీయండి. పొడుగు తాడు వెనక నుంచి చుట్టి, మళ్లీ అదే కన్నులోంచి కిందికి దించి బిగించండి. జానెడు కొస మిగలాలి. ఇది గుంజినకొద్దీ బిగుసుకోదు, పని అయ్యాక చేత్తో విప్పితే వస్తుంది. ఇంట్లో మంచం కోడుకు ఇరవైసార్లు వేసి చూసుకుంటే చీకట్లో కూడా పడుతుంది.

రెండో కొసను తోడు మనిషి నడుముకు కట్టుకోకూడదు. పై మనిషిని కింది మనిషి లాక్కుపోతాడు. చెట్టుకో, పాతిన రాతికడీకో రెండు చుట్లు చుట్టి కొస చేతిలో పట్టుకోవాలి. ఎందుకంటే నీళ్లలో ఉన్నంతసేపు మనిషి బరువు తెలియదు. నీళ్లు దాటి లేవగానే అరవై, డెబ్బై కిలోలూ తాడు మీదికి వస్తాయి, ఒక్కరివల్ల కాదు. కాబట్టి తోడు మనిషి చేయాల్సింది మునిగినవాణ్ని బావి నుంచి ఎత్తడం కాదు. మూతి, ముక్కు నీళ్ల పైన ఉండేటట్టు తాడు బిగించి, ఆ చుట్ల మీద ఆపి, నలుగురు వచ్చేదాకా కేకలేయడం. ఇది చేయగలిగితే మనిషి దక్కుతాడు.

పాడుబడ్డ బావి

ఏళ్ల తరబడి వాడని, ఆకులు కుళ్లిన బావి అడుగున గాలి చెడిపోయి ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలికంటే బరువు, కిందనే కూచుంటుంది. దిగినవాడు అరవను కూడా అరవడు, నిచ్చెన మీంచి కిందికి జారిపోతాడు. పైనుంచి చూసినవాళ్లకు కాలు జారిందనిపిస్తుంది, తీయడానికి ఇంకొకరు దిగుతారు, ఆ తర్వాత మూడోవాడు. ఒకే బావిలో ముగ్గురు, నలుగురు పోయారన్న వార్తలు చాలావరకు ఇట్లాంటివే.

దీపం దించి చూడటం మన పెద్దల పద్ధతి. ఆరిపోతే దిగొద్దన్నది నిజం. ఆరకపోతే దిగవచ్చన్నది మాత్రం నిజం కాదు. పెట్రోలు, డీజిలు పంపులను బావి లోపల పెట్టి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన లేదు, దీపానికీ దొరకదు. అట్లాంటి ఇంజను ఎప్పుడూ గట్టు మీదే ఉండాలి, పొగ బావి వైపు పోకుండా. పాడు బావిలో పని తప్పదంటే గాలి కొట్టే బ్లోయరు పెట్టి చాలాసేపు నడిపించండి, ఛాతీకి తాడు లేనిదే దిగొద్దు. లోపల మనిషి కూలబడితే తాడు గుంజండి, 101కి ఫోన్ చేయండి. ఫైర్ స్టేషన్ వాళ్ల దగ్గర గాలి సిలిండర్లు ఉంటాయి.

చెరువు, తూము, వల

మా పాకాల, అటు రామప్ప, లక్నవరం కాకతీయులు కట్టినవి, వందల ఏళ్లుగా పారకం ఇస్తున్నాయి. చెరువు పాతదైనా కొత్తదైనా తూము గుణం ఒకటే. తూముకు అడ్డంపడిన చెత్త తీయడానికి నీటి వైపు నుంచి దిగుతారు. కంటికి నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. అడుగు వెడల్పు రంధ్రం, దాని మీద పది అడుగుల నీళ్లు ఉన్నాయనుకోండి. ఆ రంధ్రానికి మీ కాలో వీపో అడ్డం పడితే అవతలి వైపుకు నెట్టే బరువు రెండు వందల కిలోలు దాటుతుంది. గట్టు మీంచి నలుగురు గుంజినా కదలదు, తాడు తెగడమో భుజం ఊడడమో జరుగుతుంది. అందుకే షట్టరు పూర్తిగా దించి, తిప్పే హ్యాండిల్ తోడు మనిషి చేతిలో పెట్టి, అవతల కాలువలో నీళ్లు ఆగాయని అతను కళ్లారా చూసి వచ్చాకే దిగాలి. షట్టరు సగంలో ఇరుక్కుని ఉంటే దిగే పనే లేదు. పొడుగు వెదురు గడకు కొక్కెం కట్టి గట్టు మీంచే కెలకండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

ఇంకో సంగతి పూడిక గుంతలు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఊరూరా చెరువు మట్టి పొలాలకు తోలుకున్నాం, పంటకు మేలే జరిగింది. ఆ తర్వాత ఎవరికి అందినచోట వాళ్లు జేసీబీ పెట్టి తవ్వుకుపోయిన గుంతలు మాత్రం చెరువు నిండితే కనపడవు. నడుము లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగు తేడాతో రెండు నిలువుల లోతులో పడతాడు. మే నెలలో చెరువు ఎండినప్పుడే తిరిగి సెల్లులో ఫోటోలు తీసుకోండి, కట్ట మీది ఏ చెట్టుకు ఎదురుగా ఉన్నాయో రాసిపెట్టుకోండి. నీళ్లలో నడవాల్సినప్పుడు గడ ముందు, కాలు వెనక.

చేపల వాళ్లకు ఇదంతా చిన్నప్పటి నుంచీ తెలుసు, నేను చెప్పేదేముంది. అయినా ఒక్క మాట. పొద్దుగూకే వేళ థర్మకోల్ తెప్ప మీద ఒక్కరే పోయి వల వేసి రావడం అలవాటైపోయింది. తెప్ప తిరగబడటం కంటే కాళ్లకు వల చుట్టుకోవడం ప్రమాదం, తన్నుకున్నకొద్దీ బిగుస్తుంది. నడుముకు చిన్న కత్తి, ఒంటి మీద లైఫ్ జాకెట్, పిలిస్తే పలికేంత దూరంలో ఇంకో తెప్ప ఉండాలి. తోడు తెప్ప దొరకని రోజు కట్ట మీద ఒక మనిషి, ఆయన చేతిలో టార్చి, "ఎనిమిదింటికి రాకపోతే సంఘం వాళ్లకు ఫోన్ చెయ్" అన్న ఒప్పందం ఉండాలి. నల్ల బనీను వేసుకుని పోతే టార్చి వెలుగులో కూడా కనపడరు. తెల్లదో పసుపుపచ్చదో వేసుకోండి.

కాలువ, వాగు

కాకతీయ కాలువకు రెండు పక్కలా సిమెంటు ఏటవాలు ఉంటుంది. నీటి అంచున పాచి. పడ్డవాడికి ఈత వచ్చినా పట్టుకోవడానికేమీ దొరకదు, గోళ్లు ఊడేదాకా గీకి అలసిపోతాడు. బట్టలు ఉతకడమైనా, పైపు వేయడమైనా మెట్లు ఉన్నచోటే చేయండి. తోడు మనిషి మీ పక్కన నిలబడకూడదు. నీళ్లు పోయే దిక్కున ఇరవై, ముప్పై అడుగుల కింద ఉండాలి. పడ్డ మనిషి పక్కన ఉరికితే ఎప్పుడూ వెనకబడే ఉంటారు; అతని కంటే ముందు పోయి, ఎదురుచూసి, తాడు అడ్డంగా విసరాలి.

బావికీ దీనికీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. పారే నీళ్లలో దిగే మనిషి ఒంటికి తాడు కట్టి ఒడ్డున బిగించొద్దు. తాడు ఆపుతుంది, నీళ్లు నెడతాయి, మనిషి ముఖం నీళ్ల కిందికి పోతుంది. పారే చోట విసిరే తాడే, కట్టే తాడు కాదు.

చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్నప్పుడు, వాగు వచ్చినప్పుడు ఏ తోడూ పనికిరాదు. మత్తడి కింద నీళ్లు పడి అక్కడే గిర్రున తిరుగుతుంటాయి, ట్యూబుతో ఉన్నవాణ్ని కూడా మళ్లీ మళ్లీ లోపలికి లాగుతాయి. ఎదురెక్కే చేపల కోసం అక్కడ వలలు పట్టుకుని నిలబడే కుర్రాళ్లను ప్రతి వానకాలం చూస్తాను. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరినే ముంచింది. అట్లాంటి రోజు మోటారు కొట్టుకుపోతే పోనివ్వండి. తర్వాత నేనే వచ్చి బాగుచేస్తాను, బాగుపడకపోతే కొత్తది వస్తుంది.

తేడా వస్తే

మునిగే మనిషి సినిమాలో లాగా చేతులూపి కాపాడమని అరవడు. నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంటుంది, తల వెనక్కి వాలుతుంది, చేతులు రెండు పక్కలా నీళ్లను అదుముతుంటాయి. అరవడానికి ఊపిరి ఉండదు. ఆటలాడుతున్నాడని ఒడ్డున ఉన్నవాళ్లు అనుకునేది ఈ ఘడియలోనే. ఆ తన్నులాట చాలావరకు ఒక నిమిషం లోపే అయిపోతుంది. తోడు మనిషి కన్ను ఎందుకు తిప్పకూడదో దీన్నిబట్టి తెలుసుకోండి.

అందేంత దగ్గరుంటే గట్టు మీద బోర్లా పడుకుని గడ అందించండి. నిలబడి అందిస్తే అతను మిమ్మల్ని గుంజేస్తాడు. దూరముంటే విసరండి. ట్రాక్టరు ట్యూబు అయినా సరే, మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్ అయినా సరే. క్యాన్‌లో రెండు గ్లాసుల నీళ్లు పోసి ఉంచితే గాలికి పక్కకు పోకుండా చెప్పినచోట పడుతుంది. దానికి కట్టే తాడు నైలాన్‌ది వద్దు, అది మునుగుతుంది. గేదెలకు కట్టే నీలం, పచ్చ ప్లాస్టిక్ తాడు తేలుతుంది. ఏమీ లేకపోతే చీర, ధోతి, రెండు తువ్వాలలు ముడేసినది. మనిషి మీదికి కాకుండా తల దాటించి అవతలికి విసిరి, తాడు అతని చేతుల మీదుగా వచ్చేటట్టు గుంజుకోండి. ఎండాకాలంలో చెరువు గట్టున ఒక సాయంత్రం పది పదిహేనుసార్లు విసిరి చూడండి. మొదటి ఐదు ఎంత దూరం తప్పిపోతాయో చూస్తే నవ్వొస్తుంది.

పైకి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, ఇవేవీ చేయొద్దు. పొట్టలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఉన్న కాస్త సమయమూ పోతుంది. గాలి అందకుండా నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో నాచు, బురద ఉంటే తీసి, తల వెనక్కి వంచి గడ్డం ఎత్తండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటితో రెండుసార్లు గాలి ఊదండి, ఛాతీ లేవడం కనపడాలి. నీళ్లలో మునిగిన మనిషికి ముందు కావాల్సింది గాలే. తర్వాత ఛాతీ నడుమ రెండు చేతులూ పెట్టి, రెండంగుళాల లోతు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊపిర్లు, మళ్లీ 30. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే మనిషి మారండి. లేచి కూచుని "ఏం కాలే" అన్నా దవాఖానకు తీసుకుపోండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు గంటల తర్వాత కూడా దమ్ము ఆడకుండా చేస్తాయి.

కూలి సంగతి

ఇవన్నీ విని తలూపిన రైతే చివరికి అడిగేది ఒకటుంటుంది. "గట్టు మీద ఊకె నిలబడ్డోనికి కూలేంది కాకా?" తోడు కుదరకపోవడానికి అసలు కారణం నా లెక్కలో ఇదే, తెలియక కాదు. దానికి నేను వాదన మానేశాను. ఇప్పుడు నా బిల్లు పుస్తకంలో బావి పనికి రెండు వరసలు రాస్తాను. పై వరసలో దిగినందుకు, కింది వరసలో నిలబడినందుకు. రెండింటికీ ఒకటే రేటు. కింది వరస కొట్టేయమన్న వాళ్లకు ఒకటే చెబుతాను: ఆ కూలి మీకు మిగలాలంటే మీ ఇంట్లోంచి ఒకరు వచ్చి తాడు పట్టుకోవాలి, సెల్లు ఇంట్లో పెట్టి రావాలి. చాలామంది వస్తున్నారు. మొన్న ఒకాయన భార్యను తీసుకొచ్చాడు. నేను దిగబోతుంటే ఆమె ముందు స్టార్టరు దగ్గరికి పోయి, మూడు ఫ్యూజులూ పీకి కొంగున ముడేసుకుంది.